ఏడో తరగతి తప్పిన అమ్మాయి

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే అమ్మాయి మూడు పట్టాలు నమిలి మింగేసింది. మూడు కాదులెండి, ఒకటే. మింగలేదు, బియ్యం డబ్బా అడుగున దాచింది. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ అది. పదో తరగతి దాటినవాళ్లు సెలవులడుగుతారని కంట్రాక్టరు వాళ్లను పనిలోకి తీసుకోడు. అందుకే ఆమె హాజరుపట్టీలో రోజూ తన పేరును కావాలనే వంకరగా, కూడబలుక్కుంటూ రాస్తుంది. మోచేతుల దాకా చర్మం పాలిపోయి, వేళ్ల సందులు పగిలి ఉంటాయి. నిన్న పక్కనున్న పెద్దమ్మ బ్లీచింగ్ తొట్టిలో యాసిడ్ పోయబోయింది.

"వద్దు పెద్దమ్మా! క్లోరిన్ వస్తుంది, ఊపిరితిత్తులు మాడిపోతాయి!" అని అమ్మాయి ఆమె చెయ్యి పట్టి లాగింది. గుమ్మంలో కంట్రాక్టరు నిలబడి ఉన్నాడు.

"క్లోరినా? ఎంతవరకు చదివావే నువ్వు?"

అమ్మాయి తల వంచుకుని దుప్పటి పిండింది.

"నేనలా అనలేదు సార్. పెద్దమ్మ కాలు జారింది, పట్టుకున్నానంతే. నేను ఏడో తరగతి తప్పాను."