లేచే మనిషి

చల్లపల్లి నుంచి బందరు వెళ్లే బస్సులో సీట్లకు మించి టిక్కెట్లు కొట్టడం, ఆనక మెత్తనివాళ్లను దించేయడం కండక్టరుకు అలవాటు. దేవమ్మకు లేవడం అలవాటు. బస్సు గుమ్మంలో కామందుల మల్లుపంచె కనబడితే చాలు, ఎవరూ అనకముందే కొంగు సర్దుకుని లేచేది. ఏ ఊరెళ్లినా ఇలా వాటంతటవే లేచే మోకాళ్లు కొన్ని కనిపిస్తూనే ఉంటాయి. ఆరోజు మాత్రం లేవకూడదనుకుంది. బందరు ఆసుపత్రిలో కూతురు సువర్ణకు కాన్పు కష్టమైందని కబురొచ్చింది. ఒళ్లో బాలింతకు పెట్టే కాయం డబ్బా. అయినా ఒక కామందు ఎక్కగానే లేచి నిలబడింది.

"లేచావుగా, ఇంక దిగు. తర్వాత బస్సుకొద్దువుగాని," అన్నాడు కండక్టరు.

"అమ్మాయికి బాలేదు బాబూ, నిలబడొస్తానండీ."

"నిలబడ్డానికి మాత్రం చోటేదే?"

తర్వాతి బస్సులో ఆవిడ సాయంత్రానికి ఆసుపత్రికి చేరింది. సువర్ణ మధ్యాహ్నమే పోయింది.

తిరుగు బస్సు సగం ఖాళీ. "కూచోమ్మా," అన్నాడు అదే కండక్టరు, మొహం చూడలేక.

"ఎవరన్నా ఎక్కుతారులే బాబూ," అంది దేవమ్మ. మూత తియ్యని డబ్బా చంకన పెట్టుకుని, చల్లపల్లి దాకా నిలబడే వచ్చింది.