తల తాకి లెక్కపెట్టినవాడు

మా కోరుట్ల జలపతి జైలు వార్డరుగా రిటైరయ్యాడు. జైలు మాత్రం ఆయన్ని వదల్లేదు. తొమ్మిదేళ్లుగా ఒక కేసులో మూడో ముద్దాయి. వాయిదా ఉంటే పొద్దున్నే బయల్దేరి, వేములవాడలో బస్సు మారి, కోర్టు వరండాలో కూర్చుంటాడు. మరో తేదీ ఇస్తారు. మళ్లీ బస్సు.

ఆయన పనిచేసిన జైల్లో ఒక సాయంత్రం అన్నం దగ్గర మొదలైన గొడవ రాళ్లు రువ్వుకునేదాకా పోయింది. గంటలో అణిగింది. ఖైదీలను బ్యారక్‌లోకి తోలి తాళం వేశారు. తెల్లారేసరికి రంజిత్ అనే రిమాండు ఖైదీ తల పగిలి చనిపోయి ఉన్నాడు. అతనూ గొడవ చేశాడనీ, అప్పుడే రాయి తగిలిందనీ జైలరు రాశాడు. ఉద్యోగుల మీద విచారణకు సర్కారు అనుమతి రావడానికే నాలుగేళ్లు పట్టింది. ఈలోగా జైలరుకు ప్రమోషన్ వచ్చింది. న్యాయం సంగతి నన్నడక్కండి, ఒళ్లు మండుతుంది.

రంజిత్ తల్లి మొగిలవ్వది కోనరావుపేట. ఆమె కూడా వేములవాడలోనే బస్సెక్కేది. మొదట్లో జలపతిని చూస్తే మొహం తిప్పుకునేది. ఏళ్లు గడిచేసరికి కోపానికి కూడా ఓపిక లేకపోయింది. మొన్న వాయిదాకు పోతూ, బస్టాండులో ఆయన కూర్చున్న బెంచీ మీదే వచ్చి కూర్చుంది.

"అన్నా, నా కొడుకు లొల్లి చేసిండంటున్నరు. నువ్వు చూసినవా?"

"వాయిదా అయినంక చెప్త చెల్లె," అని తప్పించుకున్నాడు.

చూడటమే కాదు, ఆ సాయంత్రం రంజిత్ తలను చేత్తో తాకాడు కూడా. తాళం వేసే ముందు ఖైదీలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి లెక్కపెడతారు. దాన్ని గిన్తీ అంటారు. మిగతా వార్డర్లు వేలు చూపిస్తూ పోతే, జలపతి ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టేవాడు. చిన్నప్పుడు గొర్రెలను అలాగే లెక్కపెట్టేవాడట.

మొన్న జడ్జి ముద్దాయిలను ప్రశ్నించే రోజు. జలపతి వకీలు దివాకర్ ముందే హెచ్చరించాడు.

"లొల్లి నడుస్తున్నప్పుడు కొడితే డ్యూటీ అంటం. అణిగినంక కొడితే ఖూనీ. గుర్తు లేదనుండ్రి. నిజం చెప్తే ముందుగాల లోపలికి పోయేది మీరే."

జలపతికి జైలంటే భయమే. లోపల ఏముంటుందో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? కానీ తొమ్మిదేళ్లు దాచి దాచి అలసిపోయాడు.

"గిన్తీ సమయంలో రంజిత్ తలకు గాయం ఉందా?" అని జడ్జి అడిగాడు.

"లేదు సార్. తల మీద చెయ్యి పెట్టిన. నెత్తురు అంటలే."

దివాకర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తర్వాత ఏం జరిగింది?"

"జైలర్ సాబ్ తాళం తియ్యమన్నడు. తీసిన. లాఠీలు వట్టుకొని నలుగురు లోపలికి పోయిండ్రు. లొల్లి షురూ చేసింది ఎవలని రంజిత్‌ను అడిగిండ్రు. వాడు చెప్పలే."

"మీరేం చేశారు?"

"బయట నిలబడ్డ సార్. వాళ్లు బయటికొచ్చినంక మల్ల తాళం నేనే వేసిన."

తీర్పుకు తేదీ ఇచ్చారు. మొగిలవ్వ వరండాలో ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయితే నా కొడుకు లొల్లి చెయ్యలే."

"చెయ్యలే చెల్లె. అన్నం పళ్లెం వట్టుకొని గోడకు నిలబడ్డడు."

ఆమె ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

"మల్ల తాళం వేసినంక నీళ్లడిగిండా?"

"అడిగిండు," అన్నాడు జలపతి. "ఇయ్యలే."