తాడు కట్టిన పెడలు

నా చిన్నప్పుడు మా ఇంటికి కొత్త ట్రాక్టరు వచ్చింది. ఇంట్లో అందరూ ఆ రోజుల్ని ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గుంటూరు షోరూములో మా పెదనాన్న రెండు బళ్లు చూశాడు. రెండూ ఇంచుమించు ఒకటే. ఒకదానికి మాత్రం కుడి మడమ దగ్గర చిన్న పెడలు అదనంగా ఉంది. దాన్ని లాక్ అనేవారు. మాది నల్లరేగడి నేల, చినుకు పడితే జిగురైపోతుంది. బురదలో దిగిన చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది, గట్టినేల మీదున్నదేమో కదలకుండా నిలబడుతుంది. ఇంజను బలమంతా పనికిరాని చక్రానికే పోతుందన్నమాట. ఆ పెడలు తొక్కితే రెండూ కలిసి తిరిగి బండిని బయటికి లాగుతాయి. పెదనాన్న ఏరికోరి ఆ బండే తెచ్చాడు. ప్రత్తిపాడు నుంచి చుట్టాలొస్తే ముందు ఆ పెడలే చూపించేవాడు.

అయితే షోరూమువాళ్లు ఇంకో మాట కూడా చెప్పారు. తిన్నగా పోయేటప్పుడే తొక్కాలట, మలుపులో తొక్కితే ఇరుసు విరగొచ్చట. ఆయన చెవికి ఆ విరగడం ఒక్కటే ఎక్కింది. మర్నాడే నులకతాడు తెచ్చి, డ్రైవరు కాలు పడినా కిందికి దిగకుండా పెడలును పైకి లాగి కట్టేశాడు. అంత మోజుపడి కొన్నదాన్ని కట్టిపడేయడం ఏం తెలివో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఆ ఏడు పక్కింటి అక్క మిరపకాయలు కళ్లంలో ఎండుతుండగా మబ్బు పట్టింది. భర్త పోయాక ఆమె కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో పండించిన మొదటి పంట అది. తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, మిర్చి యార్డులో ఎవరూ ముట్టుకోరు. గబగబా బస్తాలకెత్తి, మా వసారాలో దించుదామని మా ట్రాక్టరు వెనక ట్రక్కులో వేశారు. డొంకదారి దాటేలోపే జల్లు మొదలైంది. కుడిచక్రం దిగబడింది.

డ్రైవరు తాడు వైపు చూశాడు. పక్కనే మడ్గార్డు మీద గొడుగు పట్టుకుని కూర్చున్న పెదనాన్న, "దాని జోలికి పోబాకరా! దిగి తొయ్యండమ్మా అందరూ!" అని కేకేశాడు.

అక్కా, కూలికొచ్చిన ఆడవాళ్లూ ట్రక్కుకు రెండు పక్కలా భుజాలు ఆనించి తోశారు. చక్రం తిరిగినప్పుడల్లా బురద వాళ్ల కళ్లలో, నోళ్లలో, జుట్టులో కొట్టింది. ఆయన గొడుగు కింద నుంచి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూనే ఉన్నాడు. బస్తాల మీద పట్టా ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చున్న నాకు ఆ గొడుగు లాగి విసిరేయాలనిపించింది.

అక్క ముఖం తుడుచుకుని ముందుకొచ్చింది. గొడవపడుతుందనుకున్నాను. ఎంతో మర్యాదగా, "పెదనాన్నా, ఆడవాళ్ల బలం చాలట్లేదండి. మీ చెయ్యి పడితే కదులుద్ది. రండి, నా చోట నిలబడండి," అంది.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. తెల్లపంచె ఎగ్గట్టుకుని దిగి, ఆమె చూపించిన చోటే, సరిగ్గా కుడిచక్రం వెనకే, భుజం ఆనించాడు. డ్రైవరు ఇంజను పెంచాడు. ఒక్క దెబ్బకు పెదనాన్న మీసాల నుంచి పంచె దాకా నల్లబడిపోయాడు.

నోట్లో మట్టి ఉమ్మేసి, "ఒరేయ్, ముందా తాడు కోసెయ్!" అని అరిచాడు.

డ్రైవరు చక్రాలు ఆపి, తాడు కోసి, పెడలు తొక్కి, నెమ్మదిగా క్లచ్చు వదిలాడు. రెండు చక్రాలూ పట్టాయి. బండి గట్టెక్కింది. ఇరుసు చెక్కుచెదరలేదు. అప్పటికే అంచు బస్తాలు తడిసిపోయాయి. తర్వాత మా వసారాలో అక్క తెల్లబడ్డ కాయలు ఏరి పక్కన పోస్తుంటే నాకు కోపంతో ఏడుపొచ్చింది. పెదనాన్న మాత్రం తన లాక్ ఎంత గొప్పదో ఊరంతా చెప్పుకున్నాడు. అక్కకు క్షమించమని ఒక్క మాట అనలేదు.

అంతమంది ముఖాన కొట్టినంతసేపూ ఆయనకు అది బురదలాగే అనిపించలేదు. తన నోట్లో పడ్డాక గానీ తాడు కోయాలని తోచలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. అక్క మాత్రం ఒక్క తిట్టు తిట్టకుండా ఆయన్ని అక్కడ నిలబెట్టింది. నేనూ పెద్దదాన్నయ్యాను. ఏ బండి కూరుకుపోయినా, ఏ పని ఆగిపోయినా, పైన కూర్చుని తొయ్యమని కేకేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేను భుజం ఆనించే ముందు ఒకటే అంటాను, "రండి, మీరు నా పక్కన నిలబడండి."