నా పేరున మామ పర్మిట్టు

మొన్న ఆదివారం పొద్దున జొన్నరొట్టె తిని కుర్చీలో నడుం వాల్చానో లేదో, పుణెలో ఉండే మా చిన్నల్లుడు ఫోన్‌లో ఏదో పంపించాడు. కళ్ళజోడు వెతుక్కుని చూస్తే, ఆఫీసు పని మీద రెండు నెలలు ఇంగ్లండు వెళ్ళొచ్చినప్పుడు తను చేరిన ఒక గుంపు వాళ్ళ ముచ్చట్లవి. తలా ఒక దేశంలో ఉన్న పెద్దపెద్ద మనుషులు, పిల్లాపాపలున్నవాళ్ళు, ఐరిష్ క్రీమ్ ఏల్ అనే ఏదో బీరు తమ ఊళ్ళో దొరకడం లేదని ఒకరికొకరు మొరపెట్టుకుంటున్నారు. ఆస్ట్రేలియాలో ఒకాయన ఒక్క గ్లాసు కోసం మూడు గంటలు కారు నడిపాడట, తీరా వెళితే అది అయిపోయిందట, అయినా ఆ ప్రయాణం గురించి మురిసిపోతూ పేజీడు రాశాడు. కింద మా అల్లుడు, "మామయ్యా, ఈ సరుకు గురించి మీరెప్పుడైనా విన్నారా?" అని నవ్వు బొమ్మ పెట్టాడు. మామగారితో ఇలాంటివి మాట్లాడవచ్చునా అన్న ఆలోచన ఈ కాలం పిల్లలకు లేదు సరే, కానీ విన్నారా అని నన్నా అడిగేది? జన్మలో ఒక్క చుక్క నోట్లో వేసుకోకుండా ఆ సరుకు గురించి నేను తెలుసుకున్నంత ఈ నాందేడ్ జిల్లాలో ఇంకెవరూ తెలుసుకుని ఉండరు, అదీ నా ఇష్టం లేకుండా.

ఇదంతా మా మేనమామ చలవ. మా నాన్న నా చిన్నప్పుడే పోతే, అమ్మను, నన్ను నాందేడ్‌లో తన ఇంటికి తెచ్చుకుని, తను పెళ్ళి కూడా చేసుకోకుండా నన్ను మెట్రిక్ దాకా చదివించినవాడు ఆయనే. అరవైల్లో ఇంగ్లండులో ఇనుము కరిగించే కార్ఖానాలో మనుషులు కావాలంటే వెళ్ళి ఆరేడేళ్ళు పనిచేశాడు. అమ్మమ్మకు పక్షవాతం వచ్చిందని తెలిసి అన్నీ వదులుకుని వచ్చేసి, నాందేడ్ పాత ఊళ్ళో లేత్ మిషన్ పెట్టుకున్నాడు. ఇంగ్లండు నుంచి ఆయన తెచ్చినవి మూడే: మళ్ళీ ఎన్నడూ తొడగని ఒక సూటు, అరచేతిలో పట్టనంత మందం గాజు గ్లాసు, ఈ ఏల్ పిచ్చి. మొదటి రెండింటితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

అది బీరే కదా అంటే ఒప్పుకునేవాడు కాదు. డికాషన్ రంగులో ఎర్రగా ఉంటుందట, పైన నురగ పాల మీద మీగడలా కట్టి గ్లాసు అడుగంటేదాకా విరగకుండా నిలుస్తుందట. ఆ దేశంలో కూడా అది అన్నిచోట్లా దొరికేది కాదు, ఐర్లండు నుంచి పీపాలు ఏవో నాలుగు దుకాణాలకే వచ్చేవి, అవీ ఏ వారం ఎక్కడికో తెలియదు. అందుకని మామ, ఒక పంజాబీ, ఒక ఇంగ్లీషువాడు, వీళ్ళందరికంటే పెద్దవాడైన ఒక ఐరిష్ ముసలాయన, నలుగురూ శనివారం జీతం చేతిలో పడగానే బస్సులు మారుతూ ఊరంతా గాలించేవాళ్ళట. దొరికిన శనివారాల కంటే దొరకని శనివారాలను తలుచుకునేటప్పుడే మామ ముఖం వెలిగిపోయేది. తాగితే మత్తెక్కుతుంది కాబట్టి తాగుతారు అన్నంతవరకు నాకు అర్థమయ్యేది కానీ, తాగకుండా తిరిగొచ్చి ఆనందపడటం ఏమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

మామ తిరిగి వచ్చేశాక కూడా ఆ గుంపు ఆయన్ను వదల్లేదు. నెలకొకటి చొప్పున నీలం రంగు విమానపు ఉత్తరాలు వచ్చేవి. కాలువ పక్క దుకాణానికి ఈ నెల రెండు పీపాలు వచ్చాయి, కొండ మీది దుకాణంవాడు మానేశాడు, నురగ మునుపటంత నిలవడం లేదు, ఇవీ వార్తలు. మామకు ఇంగ్లీషు మాట్లాడటం వచ్చు కానీ రాయడం రాదు. నేనేమో జిన్నింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో పత్తి బేళ్ళ గురించి బొంబాయి వర్తకులకు ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాను. ఇంకేముంది, వారమంతా పత్తి, ఆదివారం నురగ. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాయాలి, రాసింది చదివి వినిపించాలి. "తమరి ఉత్తరము అందినది, సదరు నురగ యొక్క నాణ్యత విషయమై" అని నా అలవాటు కొద్దీ మొదలుపెడితే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది.

"ఏందిర అల్లుడా, పత్తి అమ్ముతున్నవా? మనసుల మాట రాయుమంటే నోటీసు రాస్తవేంది!"

నాకు లేని మనసులో మాట నేనెక్కడి నుంచి తెచ్చేది? వంటింట్లోంచి అమ్మ, ఈ అన్న బుద్ధి ఆ సముద్రంలో పడిపోతే బాగుండునని సణిగేది. ఆదివారం వస్తుందంటే నాకు జ్వరం వచ్చినంత పనయ్యేది.

ఆ రోజుల్లో మహారాష్ట్రలో తాగాలంటే పర్మిట్టు ఉండాలి. మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఈ మనిషి ఆరోగ్యం నిలవాలంటే మద్యం అవసరమని కాగితం తెచ్చుకుని, ఫోటో అంటించి, దారూబందీ ఆఫీసులో, అంటే మద్యనిషేధం చూసే ఆఫీసులో దాఖలు చేస్తే, నెలకు ఇంత అని మంజూరు చేసేవాళ్ళు. అంటే సర్కారు లెక్కలో తాగేవాళ్ళంతా రోగులే. మామకు అలాంటి పర్మిట్టు ఉండేది. దాని మీద ఇక్కడి బీరు అప్పుడప్పుడు తెచ్చుకుని, ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, ఇది అది కాదనేవాడు. కాదని తెలిసి తెచ్చుకోవడం ఎందుకో!

ఇలా ఉండగా డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం ముందు, ఐరిష్ ముసలాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తన అక్క కొడుకు ఓడ మీద పనిచేస్తున్నాడని, ఆ ఓడ బొంబాయి వస్తుందని, అతని చేత పన్నెండు సీసాలు పంపుతున్నానని దాని సారాంశం. ఆ ఉత్తరాన్ని మామ నా చేత ఆరుసార్లు చదివించుకున్నాడు. ఆ తరువాత దిగులు పట్టుకుంది, ఎందుకంటే ఒక పర్మిట్టు మీద పన్నెండు సీసాలు దగ్గర పెట్టుకోవడం నేరం, రెండు పర్మిట్లుండాలి. ఇంట్లో ఉన్న రెండో మగవాణ్ణి నేను. వారం రోజులు ససేమిరా అన్నాను. ఆయన బలవంతపెట్టలేదు, అన్నం దగ్గర నా ఎదురుగా కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూసేవాడు, అంతే. ఎనిమిదో రోజున నాకే విసుగెత్తి సరే అన్నాను. నిద్ర పట్టదని, ఆకలి వేయదని ఆయన నేర్పించినట్టే డాక్టరుకు చెప్పాను. నా ఫోటోతో, నా పేరుతో, ఫలానావారికి ఆరోగ్యరక్షణార్థం మద్యం అవసరమని మరాఠీలో రాసిన కాగితం చేతికొచ్చింది. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, టీ కూడా పలచగా తాగేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే కుండల్‌వాడిలో నాకు సంబంధం కుదిరింది. అమ్మాయి టీచరు ట్రెయినింగు చదివింది, పెళ్ళిచూపుల్లో తల వంచుకుని కూర్చోకుండా, ఫ్యాక్టరీలో మీరు చేసే పనేమిటని నన్నే అడిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అమ్మాయి నాకు ఎంత నచ్చిందంటే తిరుగు బస్సులో మామ నురగ గురించి మాట్లాడినా విసుగనిపించలేదు. వాళ్ళ నాన్న వ్యవసాయదారు, మెడలో తులసిమాల వేసుకుని ఏటా పండరికి నడిచివెళ్ళే మనిషి. ఆ మాల ఒకసారి వేసుకుంటే చచ్చేదాకా తీయరు, వేసుకున్న ఇంట్లో మాంసం, మద్యం మాటే ఉండదు, తాగేవాడి ఇంట వాళ్ళు నీళ్ళు ముట్టరు. నాకు తండ్రి స్థానంలో మామే మాట్లాడి అన్నీ ఖాయం చేశాడు. తన పర్మిట్టు సంగతి వాళ్ళు అడగలేదు, ఈయన చెప్పలేదు.

లగ్నం ఇంకా మూడు వారాలుందనగా, ఒకనాడు పొద్దున్నే మొదటి బస్సుకు కుండల్‌వాడి నుంచి అమ్మాయి తండ్రి, పెదనాన్న దిగారు. కబురు లేదు, ముఖాల్లో నవ్వు లేదు. అమ్మ ఇచ్చిన నీళ్ళ చెంబు అలాగే కింద పెట్టారు. వాళ్ళ బంధువొకాయన దారూబందీ ఆఫీసులో పనిచేస్తాడట, రిజిస్టరులో నా పేరు, ఫోటో చూశాడట.

పెదనాన్నే అడిగాడు. "మీ పిలగానికి పర్మిట్టు ఉన్నదంట గద. తాగుడన్న ఉండాలె, రోగమన్న ఉండాలె. ఏదున్నదో మీరే చెప్పున్రి."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నిజం చెబితే నన్ను పెంచిన మనిషి పరువు పోతుంది, చెప్పకపోతే ఆ అమ్మాయి పోతుంది. ఇప్పుడు ఎంత ధైర్యంగా రాసినా, ఆ క్షణాన నేను మామ వైపు చూశానన్నది నిజం, ఆయనే చెప్పాలని మనసులో గట్టిగా కోరుకున్నానన్నదీ నిజం.

మామ తువ్వాలు తీసి భుజాన వేసుకుని, "రెండూ లెవ్వు పటేలా," అన్నాడు. "తాగెటోన్ని నేను. నాకోసమే ఆని పేరు మీద పర్మిట్టు తీయించిన. ఆడు ఇప్పటిదాంక వాసన గూడ సూడలే."

అమ్మాయి తండ్రి చెంబు అందుకోలేదు కానీ, గొంతు మెత్తబరిచి ఒక మాట అన్నాడు. పిల్లవాడిలో తప్పు లేదు కాబట్టి పిల్లనిస్తామని, అయితే తాగే మనిషితో తను పందిట్లో అలాయ్ బలాయ్ చేసుకోలేనని, మామ కూడా మాల వేసుకుంటే అన్నీ మరిచిపోయి వియ్యంకుడిగా కౌగిలించుకుంటానని చెప్పాడు. ఎంత సులువైన దారి! అమ్మ కళ్ళు తుడుచుకుని అప్పుడే పళ్ళెంలో కుంకుమ పెట్టబోయింది. నేనైతే ఊపిరి పీల్చుకున్నాను.

మామ తల అడ్డంగా ఊపాడు. "ఆ సీసలు ఓడల బయలెల్లినయి పటేలా. ఇయ్యాల మాల ఏసుకుంటె, అవి అచ్చిన్నాడు దేవుని మోసం జేసినట్టయితది. అల్లుని పేరు మీద ఆడిన అబద్ధమే సాలు. మీరు పెండ్లి జెయ్యిన్రి, నేను పందిట్లకు రాను."

ఏమనాలి ఆ మనిషిని? పన్నెండు సీసాలు! వాళ్ళు వెళ్ళిపోయాక నేను ఆయన మీద అరిచినంతగా జీవితంలో ఎవరి మీదా అరవలేదు. మాల వేసుకుంటే ఎవరు తనిఖీకి వస్తారన్నాను, సీసాలు ఎవరికైనా ఇచ్చేయమన్నాను, నా పెళ్ళి కంటే నీకు నురగ ఎక్కువైందా అని కూడా అనేశాను. ఆ మాటకు ఆయన ముఖం చిన్నబుచ్చుకుని లేత్ మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మాట అని ఉండకూడదు. పెళ్ళిలో పెద్దరికానికి ఎన్నడూ మా గడప తొక్కని నాన్న తరఫు దాయాదొకాయన్ను బతిమాలి తెచ్చుకున్నాం.

పెళ్ళినాడు మామ మాతో పాటే బస్సులో కుండల్‌వాడి వచ్చి, బస్‌స్టాండులో దిగి అక్కడే హోటల్లో కూర్చుండిపోయాడు. తాళి కట్టే వేళ బాజాలు ఆయనకు వినబడే ఉంటాయి. భోజనాలయ్యాక, ఎవరెన్ని చెప్పినా వినకుండా, నా భార్య, ముందుగా మామయ్య కాళ్ళకు మొక్కాలని పట్టుబట్టింది. ఇద్దరం బాసికాలతో, పసుపు బట్టలతో బస్‌స్టాండుకు నడిచాం. ఆయన ఏడుస్తూ ఉంటాడేమో, ఎలా ఓదార్చాలా అనుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే ఆయన టీ గ్లాసు పైకెత్తి పట్టుకుని, ఐర్లండులో నురగ ఎంత మందాన కడుతుందో హోటలాయనకు వేలితో కొలిచి చూపిస్తున్నాడు. మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మరో నెలకు సీసాలు వచ్చాయి. మామ రెండు పర్మిట్లూ జేబులో పెట్టుకుని బొంబాయి వెళ్ళి, మే నెల ఎండలో వాటిని ఒడిలో పెట్టుకుని రైళ్ళు మారి తెచ్చాడు. రెండు రోజులు తడి గోనెలో చుట్టి నీళ్ళ కుండల మధ్య ఉంచి, సూటు కోటు తొడుక్కోలేదన్నమాటే గానీ అంత భక్తిగా కూర్చుని ఒకటి తెరిచాడు. నురగ లేదు. ఓడలోనో రైల్లోనో వేడికి పాడైపోయి పుల్లటి వాసన కొట్టింది. ఆ గ్లాసు మొత్తం తాగాడు. తక్కినవి ఒక్కొక్కటే తెరిచి వాసన చూసి పెరట్లో పారబోశాడు. నాకు జాలి వేసిందని చెప్పాలని ఉంది కానీ, వేసింది విసుగే.

ఆ ఆదివారం ముసలాయనకు ఉత్తరం రాయమన్నాడు. సీసాలు క్షేమంగా అందాయని, నురగ అక్కడ నిలిచినట్టే నిలిచిందని, ముగ్గురినీ తలుచుకుని తాగానని చెప్పాడు. నేను కలం ఆపి ఆయన ముఖంలోకి చూశాను. దేవుడి దగ్గర అబద్ధమాడనని నా పెళ్ళి పందిరి వదులుకున్న మనిషి!

"ముసలోడు అంత దూరంకెల్లి పంపిండుర. రాయి," అన్నాడు.

రాశాను. ఒక్క "సదరు" కూడా పడకుండా రాశాను.

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పర్మిట్టు అడిగేవాళ్ళు లేరు, సంబంధం కుదిరాక పిల్లవాడు తాగుతాడా అని తెలుసుకోవడానికి మొదటి బస్సెక్కి వచ్చేవాళ్ళూ లేరు. మా బంధువుల పెళ్ళిళ్ళలో ఫంక్షన్ హాలు వెనక గదిలో అన్నీ నడుస్తూనే ఉంటాయి, మెడలో మాలలున్నవాళ్ళు కూడా కొందరు ఆ గదిలోంచి మూతి తుడుచుకుంటూ వచ్చి వియ్యంకుల్ని కౌగిలించుకుంటారు, నేను చూడనట్టు పక్కకు తిరుగుతాను. ఆ పెళ్ళిళ్ళ ఫోటోల్లో అందరూ ఉంటారు. నా పెళ్ళి ఫోటోలు మొత్తం పదకొండు, దాయాది అన్నిట్లోనూ ఉన్నాడు, నన్ను పెంచిన మనిషి ఒక్కదాంట్లోనూ లేడు. ఆయన నిజాయితీని మెచ్చుకోమని మా ఆవిడ ఈ రోజుకీ నాకు చెబుతూనే ఉంటుంది. మెచ్చుకోవడం నా వల్ల కాదు. లోకమంతా చేసే పనే కదా, ఆ ఒక్క పూట మాల వేసుకుని, ఒక్క అబద్ధమాడి, వచ్చి నా పక్కన కూర్చుని ఉంటే నీ సొమ్మేం పోయేది మామా?