పెయ్యదూడ కాళ్ళకు కట్టిన వెదురు బద్దలు

“నెల నిండని పసిగుడ్డు కాలికి పిండికట్టేంటమ్మా! ఆముదం రాసి రోజూ తోమితే అదే సరవుతుంది,” అంది నా కూతురు.

“తోముతావు, వదిలేస్తావు. వదిలిన కాలు మళ్ళీ దాని చోటుకే పోతుంది. పట్టి ఉంచాలే. అంట్లు తోమడం అనుకున్నావా?” అన్నాను.

“కట్టు బిగిసి వేళ్ళు నల్లబడితేనో? అప్పుడు నువ్వొచ్చి నడిపిస్తావా వాణ్ణి?”

నా చూపు పిల్లాడి కాలి వేళ్ళ మీదికి పోయింది.

దెందులూరులో నా కూతురి ఇంట్లో జరిగిన గొడవ ఇది. మనవరాలికి కొడుకు పుట్టి పన్నెండు రోజులైంది. పిల్లాడి ఎడమ పాదం లోపలికి తిరిగిపోయి, అరికాలు రెండో కాలికేసి చూస్తూ ఉంది. ఏలూరులో ఎముకల డాక్టరమ్మ చూసి, పసిబిడ్డల కండా ఎముకా ఇంకా మెత్తగా ఉంటాయండీ, ఎటు నెమ్మదిగా పట్టి ఉంచితే అటే పెరుగుతాయి, వారానికోసారి పాదాన్ని కాస్త కాస్త తిప్పుతూ కట్టు మారుస్తాను అని చెప్పింది. చదివింది మూడో తరగతే అయినా, ఆ సంగతి నాకు ఆవిడ పుట్టకముందే తెలుసు.

నేను కొత్తకోడలిగా మండవల్లి వెళ్ళిన ఏడాది, వానాకాలంలో మా అత్తవారి గేదె ఈనింది. మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, పెయ్యదూడ పుడితే ఇంట్లో ఆడపిల్ల పుట్టిన దానికంటే ఎక్కువ సంబరపడే రోజులవి. కానీ ఆ పెయ్యకు ముందుకాళ్ళు రెండూ గిట్టల దగ్గర వెనక్కి మడుచుకుపోయి, గిట్ట నేలకు ఆనేది కాదు. అది మడిచిన కీళ్ళ మీదే దేక్కుంటూ పొదుగు కోసం వెతుక్కునేది. మామగారు చూసి, దీనికి పాలు దండగ, వదిలేయమన్నారు. ఆ ఇంట్లో అప్పటిదాకా నోరెత్తని నేను, తలుపు చాటు నుంచే పదిహేను రోజులు గడువిమ్మని అడిగాను. ఇచ్చారు.

వెదురు చీల్చి, అంచులు నున్నగా చెక్కి, కాళ్ళను సాగినంతవరకే సాగదీసి బద్దలు కట్టాను. పాత చీర చింపి మెత్త వేయాలని తెలియక కాదు. ఆ చీర ఇంకో ఏడాది వస్తుందని దాచుకుని, ఊరికే వచ్చిన గోనెసంచి పురికొసతో కట్టాను. ఆ రాత్రంతా వాన. పాకలోకి నీళ్ళు వచ్చాయి. మన కొల్లేటి వైపు పుట్టినదాన్ని, పురికొస తడిస్తే బిగుస్తుందని నాకు తెలియాలి కదా! పొద్దున చూస్తే గిట్టలు చల్లగా, కాళ్ళు పొంగిపోయి ఉన్నాయి. కొస కోసి తీస్తే కుడికాలికి చర్మం తెగింది. పాకలోనే కూర్చుని ఏడ్చాను, తర్వాత లేచి చీర చింపాను.

అక్కడినుంచి రెండు రోజులకోసారి విప్పడం, ఆముదంతో రాయడం, ఇంకాస్త సాగదీసి గుడ్డ పేలికలతో మళ్ళీ కట్టడం. పొట్ట కింద గోనెపట్టా వేసి దూలానికి వేలాడదీసి, పాదాల మీద రోజుకింత బరువు పడనిచ్చాను. కాలి మీద బరువు పడకపోతే కాలికి తన పని తెలియదు. పదమూడో రోజున పెయ్య నాలుగు గిట్టలూ నేలకు ఆనించి నిలబడి తల్లి దగ్గరకు నడిచింది. మామగారు మర్నాటి నుంచి దాణా తవుడు బస్తా నా చేతికే అప్పగించారు. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి పెత్తనం అది. పశువు కాలు మెలిపడితే చుట్టుపక్కల వాళ్ళు నాకే కబురు పెట్టేవారు. ఇప్పుడా పాక చోట చేపల చెరువుంది, కబురు పెట్టే పశువులూ లేవు.

ఆ పెయ్యే పెరిగి గేదె అయ్యాక, నా కూతురు దాని పాలు తాగే పెరిగింది. దాని కుడికాలి మీద మచ్చేంటని చిన్నప్పుడు అడిగితే ముళ్ళకంప గీసుకుందని చెప్పాను. ఇన్నేళ్ళూ అదే మాట. తప్పు ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. కానీ ఆ రోజు, ఒళ్ళో బిడ్డతో మనవరాలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తుంటే, చెప్పేశాను.

“అది కంప కాదే. నా పిసినారితనం. నీ భయం వట్టిది కాదు, బిగిస్తే చేటే. అందుకే వేళ్ళు చూస్తూ ఉండాలి. చల్లబడినా రంగు మారినా ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. అంతేగానీ కట్టే మానేస్తే వాడు జీవితాంతం పాదం పక్క మీద నడుస్తాడు.”

“ఇన్నాళ్ళూ ముళ్ళకంపని తిట్టించావు కదమ్మా నాచేత!” అంటూనే, “ఎన్నింటికి రమ్మంది డాక్టరమ్మ?” అని అడిగింది.

మర్నాడు తొమ్మిదింటికి ఏలూరులో పిల్లాడికి మొదటి కట్టు వేశారు. డాక్టరమ్మ పాదం తిప్పి పట్టుకుంటే, మోకాలు కదలకుండా పట్టుకున్నది నా కూతురు. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చి, పాలు తాగి నిద్రపోయాడు. ఇంటికొచ్చేదాకా ఆటోలో నా కూతురు వాడి వేళ్ళు పట్టి చూస్తూనే ఉంది. వెచ్చగానే ఉన్నాయి.