పద్యం మధ్యలో ఆగిన చోటు

మాకు నాటకం పద్యాలు నేర్పిన మేష్టారు మొన్న మంగళవారం పోయేరు. ఆయన కొడుకు కాయిన్ బాక్సు నుంచి నా సెల్లుకి చేసి, "నాన్న లేరన్నా" అని పెట్టేసేడు. మునగపాకలో బస్సెక్కి అనకాపల్లి చేరేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టేసేరు. ఆపరేషను చేసిన మెడ మీద ఎవరో తెల్లగుడ్డ కప్పేరు.

మీలో ఆయన నాటకం చూసినవాళ్లకి ఆ గొంతు గురించి చెప్పక్కర్లేదు. పద్దెనిమిదో ఏట ఆయన దగ్గర చేరేను. ఆయన ఎలా నిలబడితే అలా నిలబడేవాణ్ణి. తువ్వాలు ఏ భుజాన వేస్తే నేనూ ఆ భుజానే. "ఒరే, నాలా పాడ్డానికి నేనున్నాను కదా. నువ్వెందుకు?" అని విసుక్కునేవారు. నాకది మెచ్చుకోలులా వినపడేది.

ఓ ఏడాది ఆయన పద్యం మూడో పాదంలో చిన్నగా ఆగడం మొదలెట్టేరు. ఆగి ఎత్తుకుంటే గొంతులో సన్నటి జీర. జనం ఈలలేసేవారు. నెల తిరక్కుండా ఆ ఆగడం, ఆ జీర నేనూ పట్టేసేను. పాయకరావుపేట పందిట్లో పాడితే వన్స్‌మోర్ అన్నారు. మర్నాడే పరుగున వచ్చి మేష్టారికి పాడి వినిపించేను.

ఆయన మొహం పాలిపోయింది.

"అది కావాలని వేసిన సంగతి కాదురా. నాకు ముద్ద దిగక ఆర్నెల్లయింది. అక్కడ ఊపిరి అందటం లేదు. నీకేటొచ్చింది?"

ఇంట్లో కూడా చెప్పలేదట. ఆయన జబ్బుని అందరికంటే ముందు విన్నది నేనే. విని, నేర్చుకుని, చప్పట్లు కొట్టించుకున్నాను.

విశాఖలో పెద్ద డాక్టర్లు ఆలస్యమైందన్నారు. ప్రాణం నిలిపేరు గానీ గొంతు తీసేసేరు. ఆ తరవాత నాలుగేళ్లూ పలక మీదే మాట. ఓ ఆదివారం ఆయన ముందు పాడుతూ అలవాటుగా మూడో పాదంలో ఆగేను. పలక లాక్కుని, "దమ్మున్నోడివి. ఆగకు" అని రాసేరు. సరేనని తలూపేను. పందిళ్లలో మాత్రం అక్కడే ఆగేవాణ్ణి. చప్పట్లు అక్కడే పడేవి మరి.

పాడె ఎత్తబోతుంటే ఓ పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అచ్చం మేష్టారి గొంతే నీది. ఒక్క పద్యం సదువు బాబూ, ఆఖరుసారి ఇంటాం."

మేష్టారి భార్య తలెత్తింది. "ఆయన గొంతు వద్దు నాయనా. నీ గొంతుతో సదువు. అది ఇనకుండానే ఎల్లిపోయేరు."

మొదలెట్టేను. మూడో పాదంలో ఆగలేదు. గొంతు బొంగురుగా, ఎవరిదోలా వచ్చింది. ఓ చోట శ్రుతి తప్పింది. జనం మొహమొహాలు చూసుకున్నారు. పెద్దాయన నా చెయ్యి వదిలేసేడు. ఆవిడ మాత్రం చెవి మీది కొంగు తప్పించి, తల వంచుకుని ఆఖరి అక్షరం దాకా వింది.