కల్లంలో మూడు సిద్ధాంతాలు

మా మాస్టారు పోయారని అద్దంకి బస్సు కండక్టరు మా మండలాఫీసు గుమ్మంలో నిలబడి చెప్పాడు. కళ్లు మండాయి. ఆ మంటతోపాటే నవ్వూ వచ్చింది. ఎందుకో చెబుతాను.

డిగ్రీలో మాకు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పేవారాయన. ఆ పేపరు నేను రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే చదువు మాన్పిస్తానని మా నాన్న తేల్చేశాడు. ఒక సిద్ధాంతం, దాన్ని కాదని ఇంకోటి, దాన్నీ కాదని మరోటి! నాకు ఒక్కటీ తలకెక్కేది కాదు. సంగతి తెలిసి, ఓ ఆదివారం మాస్టారు సైకిలు తొక్కుకుంటూ మా మిరప కల్లానికే వచ్చేశారు.

"మొదటి సిద్ధాంతం ఏమిట్రా?"

"ఏ పనికైనా మేలైన పద్ధతి ఒక్కటే ఉంటుందని, మాస్టారూ."

"అయితే చూద్దాం పద."

రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టారు. మాటలు వద్దన్నారు. ఏ చేత్తో పట్టాలో, ఏ చేత్తో పారెయ్యాలో తానే ఏరి చూపించి, గడియారం చేతబట్టుకుని నిలబడ్డారు. అరగంటలో పని సగానికి పడిపోయింది. ఆవులింతలు మాత్రం పెరిగాయి. చెమట పడితే మాస్టారు ఆ మిరప చేత్తోనే కళ్లు తుడుచుకున్నారు. ఇక చూడాలి ఆయన గెంతులు! ఆడవాళ్లు పడీపడీ నవ్వుతూనే నీళ్లు తెచ్చి ఆయన కళ్ల మీద పోశారు. వాళ్లలో పెద్దామె ఆయన గడియారం లాక్కుని కొంగున ముడేసుకుంది.

"మీరట్టా గోతాల మీద కూకోండి పంతులుగారూ. మా కబుర్లు మమ్మల్ని చెప్పుకోనీండి."

కబుర్లు మొదలయ్యాయి, చేతులు ఆడాయి. పొద్దు వాలకముందే రాశి మొత్తం ఏరేశారు.

"రెండోది చూశావా? మనిషి యంత్రం కాదురా!" అన్నారు మాస్టారు ఎర్రటి కళ్లతో. ఓడిపోయి అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

గడియారం తిరిగిస్తూ పెద్దామె అడిగింది: "గబగబా ఏరితే ఎవరికండీ లాభం? మమ్మల్నేమన్నా పెందలాడే ఇంటికి పంపుతారా?"

మాస్టారు గడియారం అందుకుని జేబులో పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఇదే మూడోది. పాలన ఎవరికోసమని అడగడం. రాసుకో." మా నాన్నతో వాదించి వాళ్లను ఆ పూట పొద్దుండగానే పంపించారు.

పరీక్షలో ఆ కల్లాన్నే రాశాను, పాసయ్యాను. తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఇక్కడ గుమాస్తానయ్యాను. ఓసారి ఏదో సర్టిఫికెట్టు కోసం మాస్టారు వచ్చి వరసలో నిలబడ్డారు. నేను లేచి లోపలికి పిలిస్తే, "నా ముందున్నవాళ్లను వదిలి నన్ను పిలుస్తావా? ఈ ఆఫీసు ఎవరికోసంరా?" అని అందరి ముందూ కసిరారు. ఆ తిట్టుకు కూడా నేను రుణపడే ఉన్నాను.

నిన్న ఆ పెద్దామె పింఛను కాగితంతో వచ్చింది. మాస్టారి సంగతి చెప్పాను.

"అయ్యో! ఆ రోజు ఎన్ని గెంతులేశాడయ్యా మహానుభావుడు," అని నవ్వుతూనే కళ్లొత్తుకుంది.

రేపు రమ్మని అలవాటుగా నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. నేనే లోపలికెళ్లి సంతకం చేయించుకొచ్చాను. కాగితాన్ని కొంగున ముడేసుకుని, ఎండ ముదరకముందే ఆమె ఇంటి దారి పట్టింది.